64 ఎమ్‌బీ దగ్గర తెగిపోయే క్వెరీలు: కంటైనర్‌లో పోస్ట్‌గ్రెస్ షేర్డ్ మెమరీ మీద ఒక కేస్ స్టడీ

సర్వర్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది, అందులో 8 జీబీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ నడిచే కంటైనర్‌కు ఇచ్చారు. మామూలు లోడ్‌లో ఏ ఇబ్బందీ లేదు. రిపోర్టులు నాలుగైదు ఒకేసారి నడిచినప్పుడు మాత్రం వాటిలో ఒకటో రెండో మధ్యలో ఎర్రర్‌తో ఆగిపోతాయి. అదే రిపోర్టును ఒంటరిగా మళ్లీ నడిపితే పూర్తవుతుంది. లాగ్‌లో పడే వరుస ఇది:

‘కుడ్ నాట్ రీసైజ్ షేర్డ్ మెమరీ సెగ్మెంట్ ... టు 16777216 బైట్స్: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్’

సెటప్: డాకర్‌లో (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) పోస్ట్‌గ్రెస్ 16. షేర్డ్_బఫర్స్ (డేటా పేజీల ఉమ్మడి క్యాష్) 2 జీబీ, వర్క్_మెమ్ (క్వెరీలో ఒక్కో పనికి ఇచ్చే మెమరీ) 32 ఎమ్‌బీ. మాక్స్_పారలల్_వర్కర్స్_పర్_గ్యాదర్ (క్వెరీకి సాయపడే అదనపు ప్రాసెస్‌లు, అంటే వర్కర్లు) 2, హాష్_మెమ్_మల్టిప్లయర్ (హాష్ పనులకు వర్క్_మెమ్‌ను పెంచే గుణకం) 2.0, ఈ రెండూ డిఫాల్ట్ విలువలే. కంటైనర్‌ను లేపిన కమాండ్‌లో షేర్డ్ మెమరీ (పలు ప్రాసెస్‌లు కలిసి వాడే మెమరీ) గురించి ఒక్క ముక్క కూడా లేదు. కేసంతా ఆ లేని ముక్క చుట్టూనే తిరుగుతుంది.

ముందు తోచే మూడు తప్పుదారులు

‘డివైస్‌లో చోటు లేదు’ అనగానే ఎవరైనా డిస్క్ చూస్తారు. డిస్క్ సగం ఖాళీగా ఉంటుంది. ఈ ఎర్రర్‌లో డివైస్ అంటే /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్ దగ్గర మౌంట్ అయిన టీఎమ్‌పీఎఫ్‌ఎస్. అది ర్యామ్‌లో ఉండే ఫైల్ సిస్టమ్, దానికి తనదైన సైజు పరిమితి ఉంటుంది.

రెండో దారి షేర్డ్_బఫర్స్ పెంచడం. దీనివల్ల సమస్య తీరదు, పైగా ముదిరే ప్రమాదం ఉంది. ఎందుకో కింద చూస్తాం.

మూడోది కెర్నెల్.ఎస్‌హెచ్‌ఎమ్‌మాక్స్ పెంచమనే పాత సలహా. 2013లో వచ్చిన 9.3 వెర్షన్‌కు ముందు పోస్ట్‌గ్రెస్ తన షేర్డ్ మెమరీ మొత్తాన్ని సిస్టమ్ ఫైవ్ అనే పాత యూనిక్స్ పద్ధతిలో, ఎస్‌హెచ్‌ఎమ్‌గెట్ కాల్‌తో తీసుకునేది. లినక్స్‌లో ఆ సెగ్మెంట్ సైజుకు డిఫాల్ట్ పరిమితి 32 ఎమ్‌బీ కాబట్టి అప్పట్లో ఆ సెట్టింగ్ తప్పనిసరి. 2014లో వచ్చిన 3.16 కెర్నెల్ ఆ పరిమితిని దాదాపు ఎత్తేసింది. ఈ కేసుకు ఆ సెట్టింగ్‌తో సంబంధమే లేదు.

ఒకే డేటాబేస్, మూడు రకాల షేర్డ్ మెమరీ

రోగం దొరకాలంటే పోస్ట్‌గ్రెస్ షేర్డ్ మెమరీని ఎక్కడెక్కడి నుంచి తెచ్చుకుంటుందో విడివిడిగా చూడాలి. నడుస్తున్న బ్యాకెండ్ ప్రాసెస్ (ఒక్కో కనెక్షన్‌కు పనిచేసేది) ఒకదాని పీఐడీ (ప్రాసెస్ నంబర్) పట్టుకుని, /ప్రాక్ కింద దాని మ్యాప్స్ ఫైల్ తెరిస్తే మూడూ కనిపిస్తాయి.

పెద్దది షేర్డ్_బఫర్స్ ఉన్న ప్రధాన ప్రాంతం. పోస్ట్‌గ్రెస్ ప్రధాన ప్రాసెస్ అయిన పోస్ట్‌మాస్టర్ లేస్తూనే ఎమ్‌మ్యాప్ కాల్‌కు షేర్డ్, అనానిమస్ అనే రెండు ఫ్లాగ్‌లు ఇచ్చి దీన్ని ఒకేసారి తీసుకుంటుంది. తర్వాత దాని నుంచి ఫోర్క్ అయ్యే (పుట్టే) ప్రతి ప్రాసెస్‌కూ ఇది వారసత్వంగా, అదే అడ్రస్‌లో వస్తుంది. మ్యాప్స్ ఫైల్‌లో ఈ వరుస పక్కన ‘/డెవ్/జీరో’ అని, బ్రాకెట్లలో ‘డిలీటెడ్’ అని ఉంటుంది. అనుమతుల గడిలో చివరి అక్షరం ‘ఎస్’, అంటే షేర్డ్. పేరు చూసి కంగారు పడొద్దు, అనానిమస్ షేర్డ్ మెమరీని లినక్స్ చూపించే తీరే అది. దీని పేజీలు కెర్నెల్ లోపలి టీఎమ్‌పీఎఫ్‌ఎస్‌లో ఉంటాయి. మనకు కనిపించే /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్ మౌంట్ పరిమితి వాటికి వర్తించదు. ఆ మౌంట్ 64 ఎమ్‌బీయే ఉన్న కంటైనర్‌లో 2 జీబీ షేర్డ్_బఫర్స్ నిక్షేపంగా నడవడానికి కారణం ఇదే.

రెండోది చాలా చిన్నది, 56 బైట్ల సిస్టమ్ ఫైవ్ సెగ్మెంట్. ఐపీసీఎస్ కమాండ్‌ను ‘ఎమ్’ ఆప్షన్‌తో నడిపితే కనిపిస్తుంది. ఒకే డేటా డైరెక్టరీ మీద రెండు పోస్ట్‌మాస్టర్‌లు లేవకుండా కాపలా కాయడం దీని పని. ఎన్ని ప్రాసెస్‌లు అతుక్కుని ఉన్నాయో కెర్నెల్ లెక్కపెట్టి ఇచ్చే సౌకర్యం సిస్టమ్ ఫైవ్‌లోనే ఉంది, తర్వాత వచ్చిన పోసిక్స్ పద్ధతిలో లేదు. అందుకే ఈ చిన్న ముక్కను ఇప్పటికీ ఉంచారు.

మూడోది డైనమిక్ షేర్డ్ మెమరీ, అసలు నిందితుడు. 2014లో 9.4తో వచ్చింది. 2016లో 9.6లో పారలల్ క్వెరీ, 2018లో 11లో పారలల్ హాష్ వచ్చాక దీని వాడకం పెరిగింది. పారలల్ వర్కర్లు క్వెరీ మధ్యలో పుడతాయి, క్వెరీతో పాటే పోతాయి. వాటికి కావలసిన మెమరీ ఎంతో సర్వర్ లేచేటప్పుడు తెలియదు. అందుకని అవసరమైనప్పుడు షెమ్_ఓపెన్ కాల్‌తో కొత్త సెగ్మెంట్ సృష్టిస్తారు. లినక్స్‌లో అది /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్ కింద ఒక ఫైల్‌గా పుడుతుంది: పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ పేరు, ఒక చుక్క, ఒక పెద్ద అంకె. సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా అక్కడ చిన్న ఫైల్ ఒకటి ఉంటుంది. అది మిగతా సెగ్మెంట్ల లెక్క రాసుకునే కంట్రోల్ సెగ్మెంట్. దాన్ని చెత్త అనుకుని తీసేయకూడదు.

డాకర్ ఏమీ చెప్పకపోతే ప్రతి కంటైనర్‌కూ /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్‌ను 64 ఎమ్‌బీతో మౌంట్ చేస్తుంది. కంటైనర్లను నిర్వహించే కుబర్‌నెటీస్ పాడ్‌లలోనూ (కంటైనర్ల గుంపులు) మామూలుగా కనిపించేది ఇదే. మామూలు లినక్స్ యంత్రం మీద ఆ టీఎమ్‌పీఎఫ్‌ఎస్ డిఫాల్ట్ సైజు ర్యామ్‌లో సగం. అంటే 16 జీబీ యంత్రం మీద 8 జీబీ చోటుతో నడిచిన డేటాబేస్‌ను కంటైనర్‌లోకి మార్చగానే ఆ చోటు 64 ఎమ్‌బీకి పడిపోయింది. పోస్ట్‌గ్రెస్ సెట్టింగ్‌లలో ఏదీ మారలేదు కాబట్టి మార్పు ఎవరి కంటా పడలేదు.

64 ఎలా నిండుతుంది

రెండు టేబుళ్లను కలిపే పారలల్ హాష్ జాయిన్‌లో వర్కర్లన్నీ కలిసి ఒకే హాష్ టేబుల్ కడతాయి. ఆ టేబుల్ డైనమిక్ షేర్డ్ మెమరీలో ఉంటుంది. దానికిచ్చే బడ్జెట్ వర్క్_మెమ్‌ను మల్టిప్లయర్‌తో గుణించి, పాల్గొనే ప్రాసెస్‌ల సంఖ్యతో మళ్లీ గుణిస్తే వస్తుంది. ఇక్కడ 32 ఎమ్‌బీ, ఇంటూ 2, ఇంటూ 3 (ఇద్దరు వర్కర్లు, క్వెరీని అందుకున్న బ్యాకెండ్ అయిన ఒక లీడర్). మొత్తం 192 ఎమ్‌బీ. అంతకు మించితే టేబుల్‌ను బ్యాచ్‌లుగా విడగొట్టి టెంపరరీ ఫైళ్లలోకి పంపుతుంది. అంటే 192 వరకు వాడుకోవచ్చని పోస్ట్‌గ్రెస్ నమ్ముతోంది, కింద ఉన్నది 64. ఈ రెండు అంకెలనూ పోల్చి చూసే కోడ్ ఎక్కడా లేదు.

డిఫాల్ట్ వర్క్_మెమ్ 4 ఎమ్‌బీతో ఈ లెక్క 24 ఎమ్‌బీయే. అప్పుడు కూడా అలాంటి క్వెరీలు మూడు కలిస్తే 72. అందుకే ఈ ఎర్రర్ ఒంటరి క్వెరీలో కనిపించక, గుంపులోనే కనిపిస్తుంది.

హాష్‌తో పోలిస్తే మిగతా వాటాలు చిన్నవి. ఒక్కో వర్కర్‌కు ఫలితాల వరుసలు పంపే టపుల్ క్యూ 64 కేబీ, ఎర్రర్ క్యూ 16 కేబీ.

ఇక లాగ్‌లో కనిపించిన 1,67,77,216 బైట్ల సంగతి. అది కచ్చితంగా 16 ఎమ్‌బీ. హాష్ టేబుల్ కోసం వర్కర్లు మెమరీని 32 కేబీ ముక్కలుగా అడుగుతాయి. వాటి వెనక ఉన్న డీఎస్‌ఏ అనే కేటాయింపు పొర మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర పెద్ద సెగ్మెంట్లు తీసుకుని వాటిని చిన్న ముక్కలుగా పంచుతుంది. మొదటి సెగ్మెంట్ 1 ఎమ్‌బీ. ప్రతి కొన్ని సెగ్మెంట్లకు ఒకసారి సైజు రెట్టింపవుతుంది: 2, 4, 8, 16... టీఎమ్‌పీఎఫ్‌ఎస్‌లో 50 ఎమ్‌బీ వాడకంలో ఉండి 14 మిగిలిందనుకోండి. వర్కర్‌కు కావలసింది ఇంకో 32 కేబీ మాత్రమే. డీఎస్‌ఏ అడిగేది 16 ఎమ్‌బీ. 14 ఉన్నా క్వెరీ చస్తుంది. ఫైల్ సిస్టమ్ ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్‌లో నూటికి నూరు శాతం ఎప్పుడూ కనిపించకపోవడానికి ఒక కారణం ఇదైతే, క్వెరీ పడిపోగానే దాని సెగ్మెంట్లన్నీ ఖాళీ కావడం మరో కారణం. పర్యవేక్షణ నిమిషానికొకసారి కొలిస్తే ఈ శిఖరం దొరకదు.

ఎర్రర్‌లో బైట్ల సంఖ్య 2 ఘాతంగా కాకుండా పొంతన లేని ఏదో సంఖ్యగా ఉంటే, ఒకే పెద్ద వస్తువు ఆ సెగ్మెంట్‌ను అడిగిందని అర్థం. ఎక్కువగా అది హాష్ బకెట్ల వరస. ఒక్కో బకెట్‌కు 8 బైట్లు. 20,97,152 బకెట్లు ఉంటే ఆ వరసే 16 ఎమ్‌బీ, పైన సెగ్మెంట్ లెక్కలు రాసుకునే చోటు కొంత. ఈ తేడా పట్టుకుంటే, క్వెరీని నడిపి దాని ప్లాన్ చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ ఫలితంలో ‘బకెట్స్, బ్యాచెస్, మెమరీ యూసేజ్’ వరుస ఉన్న హాష్ నోడ్‌లలో దేన్ని అనుమానించాలో వెంటనే తెలుస్తుంది.

మాక్స్_పారలల్_వర్కర్స్ (సర్వర్ మొత్తంలో వర్కర్ల గరిష్ఠ సంఖ్య) డిఫాల్ట్ 8 కాబట్టి ఏకకాలంలో నాలుగు క్వెరీలకు మించి షేర్డ్ మెమరీ వాడవని చాలామంది లెక్క కడతారు. అది సరికాదు. సెగ్మెంట్ తయారీ వర్కర్లను లేపడానికి ముందే జరుగుతుంది. ఒక్క వర్కర్ కూడా దొరక్కపోయినా లీడర్ ఒంటరిగా అదే ప్లాన్‌ను, అదే షేర్డ్ హాష్ టేబుల్‌తో, ముగ్గురి బడ్జెట్‌తో నడుపుతుంది. కాబట్టి పరిమితి వర్కర్ల సంఖ్య మీద ఆధారపడదు. ఒకేసారి అలాంటి ప్లాన్ నడిపే కనెక్షన్లు ఎన్నో అదే లెక్క. ఒకే క్వెరీలో రెండు పారలల్ హాష్‌లు ఉంటే దాని వాటా కూడా రెండింతలు.

సైజు చెప్పడం వేరు, పేజీలు ఇవ్వడం వేరు

పై ఎర్రర్ చికాకు పెట్టినా, నిజానికి అది మంచి ఎర్రర్. అది లేకపోతే ఏమయ్యేదో చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. సొంతంగా సీ భాషలో షేర్డ్ మెమరీ ప్రోగ్రామ్ రాసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

పుస్తకాల్లో చూపించే వరుస మూడు మెట్లు: షెమ్_ఓపెన్‌తో పేరు, ఎఫ్‌ట్రంకేట్‌తో సైజు, ఎమ్‌మ్యాప్‌తో అడ్రస్. 64 ఎమ్‌బీ టీఎమ్‌పీఎఫ్‌ఎస్ మీద 100 ఎమ్‌బీ అడిగి చూడండి. మూడు కాల్‌లూ విజయవంతమే. ఎఫ్‌ట్రంకేట్ ఫైల్ పొడవును రాసిపెడుతుంది, ఒక్క పేజీ కూడా కేటాయించదు. ఎమ్‌మ్యాప్ అడ్రస్‌ల పరిధి ఇస్తుంది, దాని వెనక ఏమీ ఉండదు. మెమరీలో మొదటిసారి రాసినప్పుడు పేజ్ ఫాల్ట్ వచ్చి, అప్పుడు కెర్నెల్ 4096 బైట్ల పేజీ ఒకటి ఇస్తుంది. 64 ఎమ్‌బీ అంటే 16,384 పేజీలు. మిగతా వాడకం ఏమీ లేదనుకుంటే 16,385వ పేజీని తాకిన క్షణం ప్రోగ్రామ్‌కు, మామూలుగా దాన్ని చంపేసే సిగ్‌బస్ సిగ్నల్ వస్తుంది. తిరిగివచ్చే ఎర్రర్ కోడ్ ఏదీ ఉండదు. తప్పు పడిన చోటు, మెమరీని కాపీ చేసే మామూలు మెమ్‌కాపీ వరుస. అసలు కారణం దానికి చాలా ముందు నడిచిన కాల్.

పోస్ట్‌గ్రెస్‌లో ఇది ఇంకా ఘోరం. ఒక బ్యాకెండ్ సిగ్నల్‌తో చస్తే, అది షేర్డ్ మెమరీని ఏ స్థితిలో వదిలిందో తెలియదు కాబట్టి పోస్ట్‌మాస్టర్ మిగతా కనెక్షన్లన్నింటినీ కూడా తెంచి రికవరీ మొదలుపెడుతుంది. ఒక రిపోర్టు వల్ల అందరూ పడిపోతారు. అందుకే లినక్స్ మీద పోస్ట్‌గ్రెస్ సైజు నిర్ణయించాక పోసిక్స్_ఎఫ్‌ఆలోకేట్ కూడా పిలుస్తుంది. అది పేజీలన్నింటినీ అప్పటికప్పుడు రిజర్వ్ చేయిస్తుంది. చోటు లేకపోతే ఈనోస్పేస్ కోడ్ వస్తుంది, ఆ ఒక్క క్వెరీ మర్యాదగా రద్దవుతుంది. మనం లాగ్‌లో చూసింది దీన్నే.

ఈ కాల్‌కు ఒక మెలిక ఉంది. టీఎమ్‌పీఎఫ్‌ఎస్ మీద ఇది నడుస్తుండగా సిగ్నల్ వస్తే అప్పటిదాకా ఇచ్చిన పేజీలను వెనక్కి తీసుకుని ఈఇంటర్ కోడ్‌తో తిరిగొస్తుంది. సిగ్నళ్లు తరచూ వచ్చే ప్రోగ్రామ్‌లో పెద్ద సెగ్మెంట్ అడిగితే, మళ్లీ మళ్లీ మొదలుపెట్టడమే తప్ప ముగింపు ఉండదు. కేటాయింపు సాగినంతసేపు సిగ్నళ్లను బ్లాక్ చేసి ఉంచడమే మందు. పోస్ట్‌గ్రెస్ కొత్త వెర్షన్లు చేసేది అదే.

సొంత ప్రోగ్రామ్ రాసేవాళ్లకు ఇంకో మాట. డైనమిక్ సెగ్మెంట్ ఒక్కో ప్రాసెస్‌లో ఒక్కో అడ్రస్‌లో మ్యాప్ కావచ్చు. దానిలో మామూలు పాయింటర్ దాచి ఇంకో ప్రాసెస్‌లో చదివితే ఎక్కడికో దారి తీస్తుంది. డీఎస్‌ఏ పాయింటర్‌లో అడ్రస్ ఉండదు. 64 బిట్‌లలో కింది 40 బిట్‌లు సెగ్మెంట్ లోపలి ఆఫ్‌సెట్, పైవి సెగ్మెంట్ నంబర్. చదివే ప్రతి ప్రాసెస్ తన బేస్ అడ్రస్‌కు దాన్ని కలుపుకుంటుంది.

సరిచేసిన విధానం

ఉన్నపళాన రిపోర్టులు నడవాలి, కంటైనర్ ఆపే వీల్లేదు అనుకుంటే, హోస్ట్ మీద రూట్‌గా ఎన్‌ఎస్‌ఎంటర్ కమాండ్‌తో కంటైనర్ మౌంట్ నేమ్‌స్పేస్‌లోకి వెళ్లి /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్‌ను 1 జీబీ సైజుతో రీమౌంట్ చేయొచ్చు. వెంటనే పని చేస్తుంది. కంటైనర్ రీస్టార్ట్ అయితే పోతుంది, కాబట్టి ఇది ఆ పూటకే.

శాశ్వతంగా అయితే డాకర్ రన్ కమాండ్‌లో ఎస్‌హెచ్‌ఎమ్-సైజ్ ఆప్షన్ ఇవ్వాలి. డాకర్ అప్‌డేట్ కమాండ్‌తో ఇది మారదు, కంటైనర్‌ను కొత్తగా సృష్టించాల్సిందే. కంపోజ్ ఫైల్‌లో ఎస్‌హెచ్‌ఎమ్_సైజ్ అనే కీ సర్వీస్ స్థాయిలో ఉండాలి. అదే పేరుతో బిల్డ్ విభాగం కింద ఉండే కీ ఇమేజ్ తయారీ సమయానికి సంబంధించింది. దాన్ని మార్చి ‘పెంచాం, అయినా తగ్గలేదు’ అనుకోవడం తరచూ జరిగేదే. మార్చాక కంటైనర్ లోపల డీఎఫ్ కొట్టి సైజు కళ్లతో చూసుకోండి. కుబర్‌నెటీస్‌లో ఎంప్టీడిర్ వాల్యూమ్‌ను మెమరీ మీడియంతో తీసి, సైజ్‌లిమిట్ రాసి, /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్ మీద మౌంట్ చేయాలి.

సైజు ఎంత? ఈ కేసులో శిఖర సమయంలో రిపోర్టులు ఐదు, ఒక్కోదానిలో పారలల్ హాష్ ఒకటి. 5 ఇంటూ 192, అంటే 960 ఎమ్‌బీ. 1 జీబీ పెట్టాం. టీఎమ్‌పీఎఫ్‌ఎస్ సైజు ఒక గరిష్ఠ హద్దు మాత్రమే, వాడనంత వరకు ర్యామ్ తినదు.

కానీ తిన్నప్పుడు ఆ పేజీలు కంటైనర్ మెమరీ పరిమితిలోనే జమ అవుతాయి. ఇక్కడే రెండో తప్పు జరుగుతుంది. షేర్డ్_బఫర్స్ 2 జీబీ కూడా అదే ఖాతాలో, తాకిన పేజీ తాకినట్టుగా జమ అవుతూ పోతుంది. రీస్టార్ట్ చేసిన కొత్తలో కంటైనర్ తేలిగ్గా కనిపించి, బఫర్లు నిండాక బరువెక్కడం దీనివల్లే. కంటైనర్ మెమరీ లెక్క ఉంచే సీగ్రూప్‌లోని మెమరీ.స్టాట్ ఫైల్‌లో ‘ఎస్‌హెచ్‌మెమ్’ వరుస ఈ రెండింటినీ కలిపి చూపిస్తుంది. అందులో /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్ వాటా ఎంతో తెలియాలంటే డీఎఫ్ చూడాలి. 8 జీబీలో 2 బఫర్లకు, 1 డైనమిక్ సెగ్మెంట్లకు పోగా 5 జీబీ మిగిలింది. బ్యాకెండ్‌ల ప్రైవేట్ మెమరీ, పేజ్ క్యాష్ అందులో సర్దుకుంటాయి. అదే పరిమితి 3 జీబీ ఉన్న కంటైనర్‌లో ఎస్‌హెచ్‌ఎమ్‌ను 1 జీబీ చేస్తే, ఇంతకుముందు ఒక క్వెరీకి వచ్చిన ఎర్రర్ స్థానంలో మెమరీ అయిపోయినప్పుడు కెర్నెల్ దింపే ఓఓఎమ్ కిల్లర్ వచ్చి ఒక ప్రాసెస్‌ను చంపుతుంది. దాంతో కనెక్షన్లన్నీ తెగుతాయి. పోసిక్స్_ఎఫ్‌ఆలోకేట్ ఇచ్చిన రక్షణ అక్కడ పనికిరాదు. కాబట్టి రెండు పరిమితులనూ కలిపే మార్చాలి. మొదట్లో షేర్డ్_బఫర్స్ పెంచొద్దన్నదీ ఈ ఖాతా వల్లే.

మౌంట్ మార్చే అధికారం లేనప్పుడు

కంటైనర్ నిర్వహణ వేరేవాళ్ల చేతిలో ఉంటే డేటాబేస్ వైపు నుంచే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వాటిలో నాకు నచ్చింది వెర్షన్ 14లో వచ్చిన మిన్_డైనమిక్_షేర్డ్_మెమరీ. ఇచ్చినంత మేర సర్వర్ లేచేటప్పుడే ప్రధాన ప్రాంతంలో రిజర్వ్ అవుతుంది, పారలల్ క్వెరీలు ముందు అక్కడి నుంచే తీసుకుంటాయి. అది చాలకపోతేనే /డెవ్/ఎస్‌హెచ్‌ఎమ్ వైపు చూస్తాయి. డిఫాల్ట్ సున్నా. మార్చాక సర్వర్ రీస్టార్ట్ తప్పదు.

డైనమిక్_షేర్డ్_మెమరీ_టైప్‌ను సిస్‌వీ చేస్తే సెగ్మెంట్లు ఎస్‌హెచ్‌ఎమ్‌గెట్ దారిలో పోతాయి, 64 ఎమ్‌బీ మౌంట్ అడ్డురాదు. పని జరుగుతుంది. ఎమ్‌మ్యాప్ అనే విలువను మాత్రం దూరం పెట్టండి. అది డేటా డైరెక్టరీలో నిజమైన ఫైళ్లు సృష్టిస్తుంది, మారిన పేజీలను కెర్నెల్ పదేపదే డిస్క్‌కు రాస్తూ ఉంటుంది.

ఎనేబుల్_పారలల్_హాష్ ఆపేస్తే ప్రతి ప్రాసెస్ తన సొంత హాష్ టేబుల్‌ను ప్రైవేట్ మెమరీలో కట్టుకుంటుంది. షేర్డ్ మెమరీ మీద భారం పోతుంది కానీ ఒకే టేబుల్ మూడుసార్లు కట్టినట్టవుతుంది. రిపోర్టు సెషన్లలో మాత్రమే వర్క్_మెమ్ తగ్గించడం ఇంకో దారి. బ్యాచ్‌లు పెరుగుతాయి, టెంపరరీ ఫైళ్లు పెరుగుతాయి, వేగం తగ్గుతుంది. సర్వర్ మొత్తానికి పారలల్ క్వెరీ ఆపేయడం మాత్రం రోగానికి మించిన మందు.

మార్చాక చూడాల్సినవి

పీజీ_ఎస్‌హెచ్‌మెమ్_ఆలోకేషన్స్ అనే వ్యూలో డైనమిక్ సెగ్మెంట్లు కనిపించవు, అది ప్రధాన ప్రాంతానికే పరిమితం. కాబట్టి పరీక్ష బయటి నుంచే చేయాలి. ఐదు సెషన్లలో అసలు రిపోర్టులను ఒకేసారి మొదలుపెట్టి, ఇంకో టెర్మినల్‌లో డీఎఫ్‌ను సెకనుకొకసారి నడపండి. శిఖరం 1 జీబీకి బాగా కిందే ఆగాలి, క్వెరీలు ముగిశాక వాడకం దాదాపు సున్నాకు రావాలి.

రాకపోతే మిగిలిపోయిన సెగ్మెంట్లు ఉన్నట్టు. ఎంప్టీడిర్ ఆయుష్షు పాడ్‌తో పాటు ఉంటుంది. లోపలి కంటైనర్ మాత్రమే చచ్చి లేస్తే పాత ఫైళ్లు అక్కడే ఉండిపోయే అవకాశం ఉంది. ఫ్యూజర్ కమాండ్‌తో ఆ ఫైల్‌ను ఏ ప్రాసెస్సూ పట్టుకుని లేదని తేల్చుకున్నాకే తీసేయండి. ఇంకా మ్యాప్ అయి ఉన్న ఫైల్‌ను తీసేస్తే పేరు పోతుంది తప్ప పేజీలు ఖాళీ కావు. తర్వాత ఆ పేరుతో తెరవబోయే వర్కర్‌కు ‘నో సచ్ ఫైల్’ అని వస్తుంది.

కంటైనర్ లేకుండా నేరుగా లినక్స్ మీద నడిపేచోట ఇదే ‘నో సచ్ ఫైల్’ ఎర్రర్ కనిపిస్తే, సిస్టమ్‌డీ లాగిన్‌డీలో రిమూవ్‌ఐపీసీ సెట్టింగ్ చూడండి. అది ఆన్‌లో ఉండి, పోస్ట్‌గ్రెస్ యూజర్‌ను మామూలు యూజర్‌గా సృష్టించి ఉంటే, ఆ యూజర్ చివరి లాగిన్ సెషన్ ముగియగానే నడుస్తున్న సర్వర్ సెగ్మెంట్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. యూజర్‌ను సిస్టమ్ యూజర్‌గా సృష్టించడమో, ఆ సెట్టింగ్‌ను ‘నో’ చేయడమో సరిపోతుంది.